కూతకెళ్ళేవాణ్ణి అందరూ చూస్తారు... మరి పట్టేవాణ్ణి?

కబడ్డీలో కూతకు వెళ్ళేవాడికి రీల్స్ ఉంటాయి. వెనకాల మాస్ బీజీఎం, స్లో మోషన్‌లో డుబ్కీ, చివర్లో తొడ కొట్టుడు. పట్టేవాడికి ఏముంటుంది? ఆ రీల్‌లో కిందపడి దొర్లే శాల్తీ ఉంటాడు చూశారూ, వాడే.

నేను ఆ దొర్లే బ్యాచ్. కాలేజీ రోజుల్లో కుడి కవర్ ఆడేవాణ్ణి. కృష్ణా యూనివర్సిటీ అంతర కళాశాలల పోటీల దాకా వెళ్ళాను, మోకాలు చాలనడంతో ఆగాను. ఇప్పుడు రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్‌ని. బండి మీద కృత్తివెన్ను, బంటుమిల్లి చుట్టుపక్కల చెరువులన్నీ తిరుగుతుంటా. ఎక్కడ ఆట జరిగినా బండి దానంతటదే ఆగిపోతుంది.

అలా ఆగినప్పుడు చూసిన ఒక కుర్రాడి గురించే ఇది. వయసు ఇరవై. డిగ్రీ చివరి సంవత్సరం. నాలాగే కుడి కవర్. పేరు రాయను, కారణం చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

రెండు ప్రశ్నలు

వాడి గురించి నన్ను ఇద్దరు అడిగారు.

మొదటాయన నాకు కాలేజీలో సీనియర్. ఓ ప్రొఫెషనల్ జట్టు కోసం కొత్త కుర్రాళ్ళని వెతికిపెట్టే పనిలో ఉన్నాడు. "తమ్ముడూ, మీ సముద్రం వైపు మంచి కవర్ ఉన్నాడటగా. రెండు నెలలు చూసి ఒక్క పేజీ రాసి పంపు. మాకు పనికొస్తాడా లేదా, అంతే" అన్నాడు.

రెండో మనిషి వాడి నాన్న. నాకు బాబాయ్ వరస. మూడెకరాల చెరువు కౌలుకి చేస్తున్నాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాలు 50 శాతానికి పెంచాక రొయ్య రేటు ఎలా ఊగిందో ఈ చుట్టుపక్కల వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ పంటలో పెట్టుబడి తిరిగి రాలేదు. చెరువు గట్టు మీద కూర్చుని ఆయన అడిగింది ఒక్కటే. "అబ్బాయ్, నువ్వు ఆడినోడివి కదా. ఆ ఆట వాడికి పనికొస్తుందంటావా? లేదంటే పరీక్షలవగానే ప్లాంటులో ఉద్యోగానికి పంపేస్తా. మాట్లాడి ఉంచా."

రెండూ ఒకే ప్రశ్నలా వినిపిస్తాయి. కానీ కావు. వాడు జట్టుకి పనికొస్తాడా అన్నది ఒకటి. జట్టు వాడికి పనికొస్తుందా అన్నది ఇంకోటి. మొదటిదానికి ఆట చూస్తే చాలు. రెండోదానికి మనిషిని చూడాలి.

కవర్ అంటే ఎవరు?

ఆట తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. ఏడుగురు నిలబడితే రెండు చివర్లలో కార్నర్లు, వాళ్ళ పక్కన ఇన్‌లు, ఆ పక్కన కవర్లు, నట్టనడుమ సెంటర్. కార్నర్ పని కాలు పట్టడం. కూతకొచ్చినవాడు బోనస్ గీత కోసం కాలు చాపగానే చీలమండ దొరకబుచ్చుకుంటాడు. కవర్ పని ఆ తర్వాత మొదలవుతుంది. పట్టు తప్పించుకుని వెనక్కి తిరిగినవాణ్ణి ఎదురెళ్ళి ఆపాలి, లేదా భుజంతో గుద్ది లాబీ అవతలికి తోసెయ్యాలి. దాన్నే డ్యాష్ అంటారు. అంటే కార్నర్ తలుపు గడియ అయితే, కవర్ తలుపు వెనక అడ్డం పెట్టిన రోకలిబండ. గడియ మెరుస్తుంటుంది. రోకలిబండ ఊసు దొంగ వచ్చిన రోజే ఎత్తుతారు.

ఈ రోకలిబండ విలువ తెలియాలంటే మన తెలుగు టైటాన్స్ కథ గుర్తు చేసుకోండి. 2023లో జరిగిన వేలంలో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. అప్పటికి లీగ్‌లో అదే రికార్డు. పవన్ తన వంతు పాయింట్లు తెచ్చాడు కూడా. అయినా ఆ పదో సీజన్‌లో 22 మ్యాచ్‌లకి గెలిచింది 2. పట్టికలో ఆఖరి స్థానం. ఒక్కడు ఎంత తెచ్చినా వెనకాల ఆరుగురు పోగొడుతుంటే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

అదే సీజన్‌లో పుణేరి పల్టన్ ఇరాన్ డిఫెండర్ మహమ్మద్‌రెజా షాద్లూయీని తీసుకుంది. కప్పు గెలిచింది. ఆ ఫైనల్ మన హైదరాబాద్‌లోనే, 2024 మార్చి 1న. తర్వాతి సీజన్‌కి షాద్లూయీ హర్యానా స్టీలర్స్‌కి మారాడు. ఆ కప్పు హర్యానాది. అంతా ఒక్కడి వల్లే అనను గానీ, పట్టేవాడికి కోట్లు ఎందుకు పెడతారో అర్థమవుతుంది.

చెక్ ట్రే పద్ధతి

రొయ్యల చెరువులో రొయ్య పైకి కనిపించదు. నాలుగు చోట్ల చెక్ ట్రేలు దింపుతాం. కొంచెం మేత వేసి, గంటా రెండు గంటలాగి పైకి తీస్తాం. ట్రేలో మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా, తోక ఎర్రబడిందా చూస్తాం. ఆ నాలుగు ట్రేలే మూడెకరాల కథ చెప్పాలి. ఒక్క ట్రే చూసి నిర్ణయం తీసుకున్న రైతు మునుగుతాడు.

కుర్రాణ్ణి కూడా అలాగే చూద్దామనుకున్నా. ఒక్క మ్యాచ్ కాదు, నాలుగు రకాల చోట్ల. సంక్రాంతి పోటీల్లో ఊరి జనం మధ్య ఒకసారి. మచిలీపట్నంలో కాలేజీ మ్యాచ్‌లో, మ్యాట్ మీద ఒకసారి. నాగాయలంక వైపు వెళ్ళి, ఎవరూ తెలియని చోట ఒకసారి. ఇక నాలుగోది, జట్టు ఓడిపోతున్న మ్యాచ్. అది ఏరికోరి వెతికాను.

మొదట రాసుకున్నది వాడు పట్టినవాటి లెక్క. రెండో మ్యాచ్ సగానికి ఆ లెక్క ఆపేశా. ఎందుకంటే వాడి అసలు పనితనం వాడు పట్టకుండా వదిలేసినవాటిలో ఉంది.

వివరంగా చెప్తా. కూతకొచ్చినవాడు అటూ ఇటూ ఊగి, చెయ్యి చాపి, మనల్ని రెచ్చగొడతాడు. ఆవేశపడి ముందుకు దూకితే వాడికి పాయింట్ మనమే ఇచ్చినట్టు. ఊరి మ్యాచ్‌ల్లో జనం అరుపులకి సగం మంది డిఫెండర్లు ఇలాగే పోతారు. ఈ కుర్రాడు దూకడు. కార్నర్ చెయ్యి పట్టుకుని, కూత పెట్టేవాడి ముఖం కాకుండా నడుము చూస్తూ నిలబడతాడు. ముఖం అబద్ధం చెప్తుంది, చేతులు అబద్ధం చెప్తాయి. నడుము మాత్రం ఎటు తిరిగితే మనిషి అటే పోవాలి.

ప్రో కబడ్డీలో ఈ ఓపికకి విలువ ఎక్కువ. ముప్ఫై సెకన్ల కూతలో ఏమీ తేకుండా రెండుసార్లు వెనక్కి పోతే, మూడో కూత ఆ జట్టుకి చావోరేవో. పాయింట్ తేకపోతే వెళ్ళినవాడు అవుట్. అంటే డిఫెండర్ ఏమీ చేయకుండా నిలబడ్డ ప్రతి కూతా అవతలివాడి మెడకి ఉచ్చు బిగిస్తున్నట్టే. టీవీలో అది ఖాళీ కూతలా కనిపిస్తుంది. పేపర్లో ఎక్కడా రాయరు.

ఇంకో సంగతి. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పడితే సూపర్ టాకిల్, ఒక పాయింట్ అదనం. ఓడిపోతున్న ఆ మ్యాచ్‌లో వీళ్ళు ముగ్గురే మిగిలారు. మిగతా ఇద్దరూ ఎండ్ లైన్ దాకా వెనక్కి జరిగారు. వీడు వాళ్ళని పేరు పెట్టి పిలిచి, నోటితోనే ముందుకు లాగాడు. "ఆగు... ఆగు... ఇప్పుడు!" పట్టు దొరికింది. మ్యాచ్ పోయింది, అది వేరే సంగతి. నా పుస్తకంలో ఆ రోజు రాసుకున్నది ఒక్కటే మాట: 'మాట్లాడతాడు'. డిఫెన్స్‌లో మాట్లాడేవాడు దొరకడం ఎంత కష్టమో ఆడినవాళ్ళకే తెలుసు.

ఇసుక వేరు, మ్యాట్ వేరు

మెచ్చుకోళ్ళు అయ్యాయి. ఇప్పుడు రెండో వైపు.

మా వైపు కుర్రాళ్ళు ఇసుక నేలలో, మట్టిలో ఆడి పెరుగుతారు. పిక్కలు ఉక్కులా ఉంటాయి. కానీ ఇసుకలో కూతకొచ్చినవాడి కాలు కూడా నెమ్మదిగానే లేస్తుంది. మ్యాట్ మీద బూట్లేసుకుని వాడే సగం క్షణం ముందు తిరుగుతాడు. మచిలీపట్నం మ్యాచ్‌లో మనవాడి డ్యాష్‌లు మొదటి పది నిమిషాలు గాలికి తగిలాయి. మనిషి అక్కడ లేడు మరి! రెండో సగానికి సర్దుకున్నాడు. నేర్చుకుంటాడని అర్థమైంది, కానీ ఇంకా నేర్చుకోలేదని కూడా అర్థమైంది.

రెండోది బరువు. లీగ్‌లో 85 కిలోల దాకా ఉండొచ్చు. కవర్లలో చాలామంది ఆ గీతకి దగ్గర్లోనే ఉంటారు. వీడు 72. ఊళ్ళో 72 కిలోల డ్యాష్ చాలు. అక్కడ ఎనభై కిలోలవాడు పరుగు మీద తిరిగొస్తుంటే 72 కిలోలు తలుపు కాదు, పరదా.

మూడోది నేను వెతకలేదు, అదే కనిపించింది. దాని దగ్గరికి వస్తా.

డల్లాస్ బావ

మధ్యలో మా బావ ఫోన్ చేశాడు. డల్లాస్‌లో ఉంటాడు, పదేళ్ళుగా వాళ్ళ ఫుట్‌బాల్ పిచ్చి. నేనేం చేస్తున్నానో చెప్తే పగలబడి నవ్వాడు. "ఒరేయ్, నువ్వు లైన్‌బ్యాకర్ రిపోర్ట్ రాస్తున్నావురా!" అన్నాడు.

లైన్‌బ్యాకర్ అంటే వాళ్ళ ఆటలో ముందు వరసకి సరిగ్గా వెనక నిలబడేవాడట. ముందు వరస దాటి వచ్చినవాణ్ణి ఆపడం, తనవాళ్ళని అరిచి సర్దడం వాడి పని. మన కవర్‌కి అన్నయ్య అన్నమాట. అక్కడ ఏటా కాలేజీ కుర్రాళ్ళని ఇండియానాపోలిస్‌కి పిలిచి నలభై గజాలు పరిగెత్తిస్తారు, బరువులెత్తిస్తారు, ఎత్తు కొలుస్తారు. జట్లు ఆ కొలతలు ముందు పెట్టుకుని ఎంచుకుంటాయి.

అలా ఎంచుకున్నప్పుడు 1998లో లండన్ ఫ్లెచర్ అనే లైన్‌బ్యాకర్‌ని ఒక్క జట్టూ తీసుకోలేదు. చిన్న కాలేజీ, పైగా పొట్టి. ఎంపికలన్నీ అయ్యాక ఒక జట్టు పిలిచి అవకాశం ఇచ్చింది. ఆయన 16 సీజన్లు ఆడాడు. వరసగా 256 మ్యాచ్‌లు, ఒక్కటీ మానకుండా.

"చూశావా, కొలతలు పట్టించుకోకు, ధైర్యంగా రాసెయ్" అన్నాడు బావ.

నాకు ఆ కథలో పొట్టితనం కన్నా 256 పెద్దగా వినిపించింది. ఒక్కటీ మానకుండా అంటే, ఆ ఒళ్ళు నిలబడింది. ప్రతిభని పొట్టితనం ఆపలేదు నిజమే. కానీ ఒళ్ళు నిలబడకపోతే ఆ కథే లేదు. అది విన్న రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఎందుకో చెప్తా.

భుజం

కుడి కవర్ మనిషిని కుడి లాబీలోకి తోయాలంటే కుడి భుజం ముందు వెళ్ళాలి. అది సహజం. ఈ కుర్రాడు చివరి క్షణంలో ఒళ్ళంతా తిప్పి ఎడమ భుజం తెస్తున్నాడు. మొదటి మ్యాచ్‌లో అలవాటేమో అనుకున్నా. మూడో మ్యాచ్‌లో కూడా అంతే. ఆ తిప్పడంలోనే క్షణం పోతోంది.

మ్యాచ్ అయ్యాక కుళాయి దగ్గర అడిగా. "కుడి భుజానికేమైందిరా?"

"ఏం లేదన్నా."

"చొక్కా విప్పేటప్పుడు చూశాలే. చెప్పు."

కాసేపు నీళ్ళు తాగుతూ ఊరుకున్నాడు. తర్వాత చెప్పాడు. రెండేళ్ళ కిందట డైవ్ చేస్తే భుజం జారింది. ఊళ్ళో ఎవరో లాగి సరిచేశారు, కట్టు కట్టారు. మళ్ళీ పోయిన ఏడు ఇంకోసారి జారింది. ఈసారి వాడే సరిచేసుకున్నాడట. ఇంట్లో తెలియదు. స్కాన్ తీయించలేదు.

"అన్నా, ఆ పేజీలో ఇది మాత్రం రాయకు. ట్రయల్స్‌లో రెండు రోజులు మేనేజ్ చేస్తా. ఒక్కసారి లోపలికెళ్తే వాళ్ళే ఫిజియోకి చూపిస్తారు కదా."

వాడి లెక్క తప్పని కూడా అనలేను. లీగ్ వేలంలో అన్నిటికన్నా కింది కేటగిరీకే కనీస ధర 9 లక్షలు. కొత్త కుర్రాడిగా లోపలికెళ్తే మొదట్లో అంత రాకపోవచ్చు గానీ, ఆ మెట్టు ఎక్కితే వాళ్ళ నాన్న చెరువు బాకీ ఒక ఊపిరి పీల్చుకుంటుంది. రాసేది నేను. ఆడేది వాడు. బాకీ వాళ్ళది. నాకేం పోయింది?

రెండు రోజులు ఆలోచించా. భుజం ఒకసారి జారితే మళ్ళీ జారే అవకాశం పెరుగుతుంది, అందులోనూ కుర్ర వయసులో. జారినప్పుడల్లా లోపల ఇంకొంచెం వదులవుతుంది. మా ఊరి మ్యాచ్‌ల్లో గుద్దేవాడు అరవై కిలోలు. ట్రయల్స్‌లో ఎనభై. అక్కడ మూడోసారి జారితే జట్టుకి పోయేదేమీ లేదు, వెనకాల వందమంది కుర్రాళ్ళు వరసలో ఉంటారు. వీడు మాత్రం అక్కడే అయిపోతాడు. డాక్టర్ ఖర్చు మళ్ళీ ఆ చెరువు మీదే పడుతుంది.

వాణ్ణి పిలిచి చెప్పా. "రాస్తానురా. నీకు తెలియకుండా రాయను, అందుకే ముందు నీకు చెప్తున్నా. మీ నాన్నకి నువ్వే చెప్పు. రేపు సాయంత్రం దాకా ఆగుతా."

వాడేమీ మాట్లాడలేదు. బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి బాబాయ్ ఫోన్ చేశాడు. వాడు చెప్పాడు. అది నాకు చాలు.

ఒక్క పేజీ

నేను పంపింది ఇంచుమించు ఇది.

'కుడి కవర్. ఓపిక ఉంది, ముందుకు దూకడు. నడుము చూసి కదులుతాడు. తక్కువ మంది ఉన్నప్పుడు భయపడడు, పక్కవాళ్ళని నడిపిస్తాడు. మ్యాట్ అనుభవం తక్కువ, కానీ ఒకే మ్యాచ్‌లో సర్దుకోగలడు. బరువు 72, ఇంకో ఏడెనిమిది కిలోలు కావాలి. కుడి భుజం రెండుసార్లు జారింది, సరైన వైద్యం జరగలేదు. ఇప్పుడు ట్రయల్స్‌కి పిలవొద్దు. స్కాన్, వ్యాయామం అయ్యాక పిలవండి. నేర్పగలిగినవి వీడికి తక్కువున్నాయి. నేర్పలేనివి ఉన్నాయి.'

సీనియర్ నుంచి రెండే వాక్యాలు వచ్చాయి. "ఈసారికి వద్దులే. భుజం సంగతి తేలాక చెప్పు." ఆ ట్రయల్స్‌కి ఇటువైపు నుంచి వేరే కుర్రాడు వెళ్ళాడు.

దీనికి హ్యాపీ ఎండింగ్ పెట్టమంటే నా దగ్గర లేదు. కుర్రాడు మూడు వారాలు నాతో మాట్లాడలేదు. ఊళ్ళో ఒకరిద్దరు నా వల్లే ఆగిపోయాడన్నారు. ఆ మాట నిజమే. బాబాయ్ మాత్రం విజయవాడ తీసుకెళ్ళి స్కాన్ తీయించాడు. ప్రస్తుతానికి ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు నెలలు కండ బలం పెంచమన్నారు డాక్టర్.

బాబాయ్ ప్రశ్నకి కూడా జవాబు చెప్పా. "రెండేళ్ళు ఇవ్వండి బాబాయ్. డిగ్రీ మాత్రం ఆపనివ్వకండి. యూనివర్సిటీ జట్టులో ఉంటే సౌత్ జోన్ ఆడతాడు. ఆ సర్టిఫికెట్ ఉంటే లీగ్ రాకపోయినా ఎక్కడైనా స్పోర్ట్స్ కోటాకి అర్హత ఉందేమో చూసుకోవచ్చు. రెండేళ్ళలో కాకపోతే అప్పుడు ప్లాంటు." ఆయన చాలాసేపు చెరువులో ఫ్యాన్లు తిరగడం చూశాడు. "రెండు పంటలు అనుకుందాంలే," అన్నాడు. మా వైపు కాలాన్ని అలాగే కొలుస్తారు.

ఇప్పుడు కుర్రాడు పొద్దున్నే చెరువు షెడ్డు స్తంభానికి రబ్బరు ట్యూబు కట్టి భుజం వ్యాయామం చేస్తున్నాడు. బరువు 75కి వచ్చింది. నాతో మాట్లాడుతున్నాడు, కానీ మునుపటిలా 'అన్నా' అని నోరారా పిలవడం లేదు. పిలవకపోయినా సరే. భుజం జారకపోతే చాలు.

పేరు ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసిందిగా. వాడి భుజం గురించి పదిమందికీ చెప్పాలో లేదో తేల్చుకోవాల్సింది వాడు.

మీకో చిన్న రిక్వెస్ట్. మీ ఊళ్ళో ఆట జరుగుతుంటే ఎలాగూ ఫోన్‌లో వీడియో తీస్తారు. ఈసారి కూతకెళ్ళినవాడి మీదే కెమెరా పెట్టకండి. కాస్త వెనక్కి జరిగి ఏడుగురూ పడేలా తీయండి. పాయింట్ రాని కూతని కూడా డిలీట్ చేయకండి. అందులో ఎక్కడో ఒక కుర్రాడు, కదలకుండా, పక్కవాడి చెయ్యి పట్టుకుని, ఎదుటివాడి నడుము చూస్తూ నిలబడి ఉంటాడు. వాడి గురించి రేపు ఎవరైనా ఒక్క పేజీ రాయాల్సొస్తే ఆ వీడియోనే కావాలి.